రొట్టె చప్పుడు

ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండూ పదికి నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కాను. పన్నెండున్నరకు కదులుతుందన్నారు. అమ్మ పోయాక మంచి జొన్నరొట్టె తిన్నది లేదు. ఇక్కడైనా దొరుకుతుందేమోనని కిటికీలోంచి హోటళ్ల బోర్డులు చదువుతూ, జొన్నరొట్టె ఎక్కడ బాగుంటుందని అడిగితే పక్క సీటామె నవ్వింది.

"బోర్డుల్లో ఏముందవ్వా? చప్పుడు ఇను. పిండి చేత్తో తట్టే చప్పుడు యాడొస్తే ఆడ తిను."

సీటు మీద గొడుగు పెట్టి దిగాను. ఎదురు సందు మొదట్లోనే ఆ చప్పుడు వినిపించింది. వేడి రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నానో లేదో హారన్ మోగింది. లేచాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. బస్సు కదిలింది. ఆమె నా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"కూచో అవ్వా! బస్సులు మల్లొస్తాయి, రొట్టె సల్లారిపోతాది!"

కూర్చుని తిన్నాను.

పోయినవి: బస్సు, కిటికీ సీటు, నల్ల గొడుగు, బోర్డులు చదివే అలవాటు.