తుపాకికి దిష్టి తీసిన ఇల్లు

మా వీధి చివర బట్టలు కుట్టే అమ్మాయి నెలకోసారి తన మిషను తలకాయను వెనక్కి వాల్చి, సన్న ముక్కు డబ్బాతో సందుసందుకూ నూనె చుక్కలు వేస్తుంది. నిన్న నా జాకెట్లు తెచ్చుకుందామని వెళ్లేసరికి ఆ పనిలోనే ఉంది. వాసన ముక్కుకు తగలగానే నేను గడప దగ్గరే ఆగిపోయాను. కుట్టుమిషను నూనె అంటే ఎవరికైనా కొత్త పరికిణీ గుర్తొస్తుంది, పండగ గుర్తొస్తుంది. నాకు నాయన వాళ్ల నాయన, మా జేజినాయన తుపాకి గుర్తొస్తుంది. మిషను మా అమ్మదే, నూనె సీసా కూడా మా అమ్మదే, కానీ ఆ నూనెలో ముప్పాతిక వంతు తాగింది మాత్రం ఆ తుపాకి.

ప్రొద్దుటూరులో నా ఇంటి బల్ల మీద ఇప్పుడు దాని కాగితమే ఉంది. పోయినేడు నాయన పోయాడు. లైసెన్సు ఆయన పేరు మీద ఉండేది కాబట్టి అప్పట్నించీ తుపాకి పోలీస్ స్టేషన్లో ఉంది. అది మా అన్న పేరు మీదికి మారాలంటే మిగిలిన వారసులు తమకు అభ్యంతరం లేదని రాసివ్వాలట. మిగిలిన వారసులంటే నేనొక్కదాన్నే. నేను సంతకం పెడితే అది మళ్లీ పులివెందుల దారిలో ఉన్న మా పల్లెకు, మా పాత ఇంటికి, అదే గోడ మీది అదే కొక్కేలకు పోతుంది. ఆ గోడ కింద ఇప్పుడు అన్న మనవరాలు, ఆరేళ్ల పిల్ల, బొమ్మలు పరుచుకుని ఆడుకుంటూ ఉంటుంది.

అన్న రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. "రైఫిల్ మన నాయన గుర్తుమ్మే. దాన్ని ఆడ తుప్పు పట్టిచ్చేకి నీకు మనసెట్లొస్తాంది?" అంటాడు. అది రైఫిల్ కాదు, రెండు గొట్టాల పాత తుపాకి. జేజినాయన అయితే ఒట్టి "తుపాకి" అనేవాడు. రైఫిల్ అనే పేరు అన్న ఈ నడుమ తగిలించాడు, పాత దాన్ని కొత్త మాటతో తుడిస్తే మెరుస్తుందనుకున్నాడేమో. "పందులు శానా వస్తాండాయి చీనీ తోటలోకి" అని ఇంకో కారణం కూడా చూపిస్తాడు. గుర్తు, పందులు. ఈ రెండు మాటలూ నేను పుట్టినప్పట్నించీ వింటున్నాను, రెండూ అబద్ధాలే.

పందుల సంగతి ముందు చెబుతాను. మా చిన్నప్పుడు ఈ చీనీ తోటలు, అదే బత్తాయి తోటలు లేవు, ఊరి చుట్టూ శనక్కాయ చేలే. మృగశిరలో నాలుగు చినుకులు రాలితే విత్తనం పడేది. వినాయక చవితికి చేనంతా పసుపు పూలు, దసరా నాటికి భూమిలో ఊడలు దిగి కాయ పాలుపోసుకునేది. సరిగ్గా అప్పుడే కొండ మీద నుంచి అడవి పందులు దిగేవి. మా ఊళ్లో లైసెన్సు తుపాకి మా జేజినాయనకొక్కడికే ఉండేది కాబట్టి అందరి చేలకూ ఆయనే కాపలా అని పెద్ద పేరు. సాయంత్రం కాగానే తుపాకి భుజాన వేసుకుని గట్ల వెంట ఒక చుట్టు తిరిగి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఎప్పుడో కొట్టిన పంది కథ చెప్పి, చీకటి పడకముందే ఇంటికొచ్చి సంగటి తినేవాడు. ఆయన కొట్టిన పందిని నేను కంటితో చూసింది లేదు. పందులను నిజంగా ఆపింది మా అమ్మ పాత చీరలు. చేను చుట్టూ కట్టెలు నాటి, అమ్మవీ, మా నాయనమ్మ జేజివీ చిరిగిన చీరలు వరసగా కట్టేవాళ్లు. ఎరుపు, పసుపు, వెలిసిపోయిన నీలం, గాలికి చేను చుట్టూ ఆడవాళ్లు నిలబడినట్టే ఉండేది. పంది ముట్టె పైకెత్తి మనిషి వాసన పసిగట్టి వెనక్కి మళ్లేది. అయితే మంచి కాపు వచ్చిన ఏడు అందరూ తుపాకినే పొగిడేవాళ్లు, చీరలను ఎవరూ పొగడలేదు.

వేట నేరమని అప్పటికే చట్టం ఉంది. ఆ మాట జేజినాయనకు తెలియదని కాదు, తనకు వర్తించదనుకున్నాడు. కోతలైపోయిన చేలల్లో కౌజుపిట్టలు గుంపులుగా దిగే చలికాలం పొద్దుల్లో ఆయనా నాయనా వెళ్లి గోతాంలో పది పదిహేను తెచ్చేవాళ్లు. ఈకలు పీకడం, కాల్చడం, పేగులు తీయడం, మసాలా నూరడం అమ్మ వంతు. రాగి సంగటి ముద్దలో గుంట చేసి ఆ పులుసు పోసుకుంటే రుచిగానే ఉండేది, అబద్ధం చెప్పను. తింటుంటే పంటి కింద సీసం గుండు కటుక్కుమనేది. గుండు దొరికినవాళ్లు అదృష్టవంతులని మా ఇంట్లో లెక్క. అట్లాంటి అదృష్టంతోనే మా జేజికి ముందుపన్ను సగం విరిగింది. పేలిన తూటాల ఖాళీ డబ్బీలు మాకు ఆటవస్తువులు. అన్న వాటి మూతిలోకి ఊది ఈల వేసేవాడు, నేను వాటిలో మట్టి కూరి బొమ్మరింటికి గాదెలని నిలబెట్టేదాన్ని. చేతులకంటిన ఆ కాలిన మందు కంపు సీకాయతో తోమినా పోయేది కాదు.

నాకూ అమ్మకూ అసలు పండగలు ఎలక్షన్లు. ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. జేజినాయన తుపాకిని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని బస్సెక్కేవాడు. ఫలితాలు వచ్చి అది తిరిగొచ్చేదాకా అరుగు మీద గోడకు తల ఆనించి, ఎవరు పలకరించినా సగం మాటతో సరిపెట్టేవాడు. ఆ రోజుల్లో ఆయన గొంతు మా వంటింటిదాకా వచ్చేది కాదు. నూనె సీసా నిండుగా ఉండేది. అమ్మ మిషను గరగరలాడకుండా నడిచేది, నడిపిస్తూ అమ్మ కూనిరాగం తీసేది. ఏటా ఎలక్షన్లు ఎందుకు పెట్టరని నేను ఒకసారి నాయనను అడిగితే, బళ్లో పాఠం అడిగాననుకుని ఐదేళ్ల లెక్క ఓపిగ్గా చెప్పాడు.

ఇక ఆయుధపూజ. ఆ పొద్దు కొడవళ్లు, గొడ్డళ్లు, నాగలి కర్రు, సైకిలు, అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టేవాళ్లు, మధ్యలో పీట మీద గోడకు ఆనించి తుపాకి. అమ్మ మిషనుకు మాత్రం ఆ వరసలో చోటు లేదు. అది ఆయుధం కాదట. దానికి అమ్మే ఒక మూల బొట్టు పెట్టుకునేది. ఆడవాళ్లు తుపాకిని తాకకూడదు. ఈ నియమాలన్నీ చాలా ఇళ్లలో ఉన్నవే. మా ఇంట్లో ఇంకొకటి ఎక్కువ ఉండేది. పూజలో తుపాకి ఖాళీగా ఉండకూడదు. జేజినాయన స్నానం చేసి, తడిబట్టతో రెండు తూటాలకు బొట్లు పెట్టి లోపల పెట్టి, అప్పుడు పీట మీద కూర్చోబెట్టేవాడు. మరుసటి సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర ఆ రెండూ గాలిలోకి పేల్చేదాకా దాన్ని ఎవరూ కదిలించకూడదు.

ఆ ఏడు మస్తాన్ మామ ముందే చెప్పాడు. ఆయన మా పక్క వీధిలో ఉండి ఊరందరి మోటర్లూ తాళాలూ బాగుచేసేవాడు, తుపాకికి మరమ్మతు వచ్చినా ఆయనే చూసేవాడు. మా అరుగు మీద కూర్చుని దాని వెనక ఉండే సుత్తి లాంటి మీటను వేలితో అటూ ఇటూ ఆడించి చూశాడు.

"మామా, ఇది శానా వదులైపోయింది. ఏదైనా తగులుకుని రవ్వంత లేచి పడినా పేలుతాది. ఇంట్లో తూటా పెట్టొద్దప్పా, నీకు దండం పెడతా."

"ఖాళీ కడుపుతో కూచోబెట్టి పూజ చేచ్చారా ఎవురికైనా?" అన్నాడు జేజినాయన. అక్కడితో ఆ మాట ముగిసింది.

బంతిపూల దండ కట్టే పని నాది. నాకు పదేళ్లు. ఎప్పుడూ అరటినారతోనే కట్టేవాళ్లం. ఆ పొద్దు నార ఎండిపోయి రెండుసార్లు తెగింది. పూలన్నీ గచ్చు మీద దొర్లితే విసుగొచ్చి, అమ్మ మిషను మీది దారపు ఉండ తీసుకుని రెండు పేటలు పెనవేసి కట్టాను. లాగినా తెగలేదు. ఎంత గట్టి దండ కట్టానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

దండ వేసింది పదమూడేళ్ల అన్న. అది ఒక పక్కకు జారి, దారం ఆ మీటకు తగులుకుంది. అప్పుడే అమ్మ నైవేద్యానికి ఓళిగల పళ్లెం తెచ్చి తుపాకిని తాకకుండా ఒద్దికగా ఒంగి పీట ముందు పెడుతోంది. అన్న దండ సరిచేద్దామని లాగాడు. నారయితే తెగిపోయేది. దారం తెగలేదు.

ఇల్లు బద్దలైనట్టయింది. పైకప్పు మట్టి ఓళిగల మీద జలజల రాలింది. గొట్టం మూతి అమ్మ ఎడమ చెంపకు జానెడు దూరంలో ఉండింది. గుండ్లు పైన దూలంలో దిగాయి, అమ్మకు ఒక్కటీ తగల్లేదు. అమ్మ ఉన్నచోటే చతికిలబడింది. నోరు కదులుతోంది కానీ మాట రావడం లేదు. ఎడమ చెవిలోంచి సన్నగా నెత్తురు మెడ మీదికి దిగింది. జేజినాయన ఒక్క అంగలో దూకి వచ్చాడు. అమ్మ దగ్గరికి కాదు, తుపాకి దగ్గరికి. గొట్టం మీద చెయ్యి పెట్టి ఈ కొన నుంచి ఆ కొనదాకా తడిమి, "ఏం కాలేదు, ఏం కాలేదు" అన్నాడు. జేజి లోపలికి పరిగెత్తి గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి తెచ్చింది. తెచ్చి మూడుసార్లు తిప్పి తుపాకికి దిష్టి తీసింది. ఊరి కళ్లన్నీ దాని మీదే ఉన్నాయట. నా కళ్ల ముందు జరిగింది కాబట్టి చెబుతున్నాను, ఇంకెవరైనా చెబితే నేనే నమ్మేదాన్ని కాదు.

చప్పుడు విని మస్తాన్ మామ వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అమ్మను తన మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని పులివెందులకు తీసుకుపోయాడు, నాయన వెనక సైకిల్ మీద వెళ్లాడు. డాక్టరు ఎట్లా జరిగిందని అడిగితే నాయన "టపాకాయ పేలింది సార్" అన్నాడట. నిజం చెబితే లైసెన్సు పోతుంది. మస్తాన్ మామ తల దించుకున్నాడట, అమ్మ అవునన్నట్టు తలూపిందట. చీటీలో అట్లాగే రాశారు. ఆ చెవి మళ్లీ వినలేదు. ఇంట్లో మాత్రం ఆడమనిషి దగ్గరికి పోతే అట్లాగే అవుతుందని తీర్పు చెప్పుకున్నారు. దూలంలో దిగిన గుండ్లను వచ్చిన చుట్టాలందరికీ చూపించి, "ఇన్నేండ్లయినా దెబ్బ చూడప్పా ఎట్లుందో" అని జేజినాయన మురిసిపోయేవాడు. మరుసటేడు మళ్లీ తూటాలు పెట్టే పూజ చేశారు. వచ్చిన మార్పల్లా అమ్మను వంటింట్లో ఉండమనడమే.

అప్పట్నించి అమ్మ "చెవిటి కోడలు". పిలిస్తే పలకలేదని తిట్లు, ఒకటి చెబితే ఒకటి తెచ్చిందని నవ్వులు. నేను అమ్మ కుడిపక్కన నడవడం, కుడిపక్కన పడుకోవడం నేర్చుకున్నాను. అమ్మ కూడా ఒకటి నేర్చుకుంది. జేజినాయన కేకలు మొదలుపెడితే చాలు, మెల్లగా ఎడమ చెంప ఆయన వైపు తిప్పి మిషను తొక్కుకునేది.

ఒక మధ్యాహ్నం నేను అమ్మ ఎడమపక్కన కూర్చుని, ఆ చెవి దగ్గరికి వంగి, దండ దారంతో కట్టింది నేనే అని చెప్పాను. అది ఏ చెవో నాకు బాగా తెలుసు. అందుకే అక్కడ చెప్పాను. అమ్మ కాలు ఆగలేదు, మిషను ఆగలేదు. తరవాతి దసరాకు మాత్రం అరటినార తనే నీళ్లలో నానబెట్టి, దండ తనే కట్టింది. నన్ను పిలవలేదు. నన్ను తిట్టినా కొట్టినా ఇంత కాలం మోసేదాన్ని కాదేమో.

ఇప్పుడు ఆ చేలల్లో శనక్కాయ లేదు, చీనీ చెట్లు, చుట్టూ కరెంటు కంచె. కౌజుపిట్టల గుంపు చూసి ఎన్నేళ్లయిందో. మస్తాన్ మామ పోయాడు, ఆయన కొడుకులు కువైట్‌లో ఉన్నారు. జేజి, జేజినాయన, అమ్మ, ఆ వెనకే నాయన, అందరూ పోయారు. అమ్మ మిషను ఎవరు ఎప్పుడు పాత ఇనుముకు వేశారో నాకు చెప్పినవాళ్లు లేరు. దానికి వారసుల సంతకాలు అడగలేదు. పోవలసింది ఒక్కటే, అదొక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది.

నిన్న సాయంత్రం అన్న మళ్లీ ఫోన్ చేశాడు.

"సంతకం పెట్టినావా మ్మే?"

"దండ గుర్తుందా నీకు?" అన్నాను.

"అది టపాకాయ కదమ్మే" అన్నాడు.

అరవై దాటిన మనిషి, మనవరాలున్నవాడు, నాతోనే ఆ మాట అన్నాడు. నేను ఫోన్ పెట్టేసి కాగితం ముందుకు లాక్కున్నాను. అభ్యంతరం ఉంటే కారణం రాయమని కింద ఒక గీత ఉంది. తూటా పెట్టింది మా జేజినాయన, దండ కట్టిన దారం నాది, లాగింది మా అన్న, టపాకాయ అని చెప్పింది మా నాయన, పోయింది మా అమ్మ ఎడమ చెవి అని రాశాను. కింద అమ్మ పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. గీత చాలలేదు, కాగితం వెనక్కి తిప్పాను.