రికార్డు లేని శోకాలు

నా అనుమానం గురించి ముందే చెప్పేస్తాను. కరీంనగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఎం.ఏ. పిల్లలకు తెలుగు చెప్తున్నాను. ఆఖరి సెమిస్టర్‌లో వాళ్లు రాసే పరిశోధన వ్యాసాలన్నీ నా చేతి మీదుగానే పోతాయి. ఒకడు సీనియర్ వ్యాసానికి అట్ట మార్చి తెస్తాడు. ఇంకొకడు నాలుగు పుస్తకాలు కలిపి కిచిడీ వండుతాడు. ఇప్పుడైతే ఫోన్‌ను అడిగితే చాలు, అరగంటలో ముప్పై పేజీలు. "విజయేందర్ సార్ కన్నతల్లి అన్నం పెట్టినా వాసన చూసే తింటడు" అని పిల్లలు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నాకేం?

బ్లెస్సీ అలాంటి పిల్ల కాదని అందరూ అనేవాళ్లు. అందరూ మంచిదనే మనిషి మీదే నాకు కన్నెక్కువ. మంచిర్యాల అవతల బొగ్గు గనుల కాలనీ ఆమెది. తండ్రి డేవిడ్ గనిలో నీళ్లు తోడే పంపు నడుపుతాడు. మెథడిస్టు చర్చి కుటుంబం. మూడో బెంచీలో కూర్చుని తల ఎత్తకుండా రాసుకునేది. ఏ అంశం తీసుకుంటావమ్మా అంటే "శోకాలు సార్" అంది. పీనుగు ముందు ఆడవాళ్లు రాగం తీసి ఏడుస్తారే, ఆ పాటలు.

"మీ ఇండ్లల్ల శోకాలు పెట్టరు గదా?" అన్నాను.

"పెట్టరు సార్, కీర్తనలే పాడుతం. మా నాయనమ్మ పోయినప్పుడు గూడ అందరం కీర్తనలే పాడినం. నాకు కంట్ల నీళ్లే రాలే. గప్పుడు పక్కింటి అవ్వొచ్చి శోకం అందుకున్నది. ఇగ నాకు ఏడుపాగలే. గప్పటి సంది కాలనీల ఎవలింట్ల సావైనా పోయి కూసుంటున్న."

ఏప్రిల్‌లో వ్యాసం తెచ్చింది. తొంభై పేజీలు, పదకొండు శోకాలు. పాడిన మనిషి పేరు, పోయిన మనిషి పేరు, తేదీ, అన్నీ ఉన్నాయి. చదువుతుంటే నాకు కోపం వచ్చింది. అవి అంత బాగున్నాయి మరి. ఏడ్చే మనిషి మాట ఇంత శుభ్రంగా కాగితం మీదికి ఎలా దిగుతుంది? పదకొండూ ఒకే చేతి వాసన కొట్టాయి.

"రికార్డింగులేవి?"

"లేవు సార్. సావింట్ల ఫోన్ వడితే బాగుంటదా? ఇంటికొచ్చి రాసుకున్న."

నోట్‌బుక్ చూపించింది. ఒక్క కొట్టివేత లేదు. నా అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

"అయితే మళ్లొకపారి పోయి పాడిచ్చుకరా."

"సావు లేని ఇంట్ల శోకం పాడరు సార్. పాడొద్దు."

ఆహా, దొరికింది సాకు అనుకున్నాను. రికార్డు లేకుంటే సంతకం లేదని తేల్చేశాను. గడువు పది రోజులే. నా సంతకం పడకపోతే ఆమె పట్టా ఏడాది వెనక్కి పోతుంది. జూన్‌లో ఆసిఫాబాద్ బడిలో టీచర్ పనికి మాటైంది, అదీ పోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. "మీ ఇష్టం సార్" అని వెళ్లిపోయింది. తప్పు లేని మనిషైతే కొట్లాడదా అని అదీ అనుమానించాను.

మూడో రోజు ఆమెకు చెప్పకుండా వ్యాసం సంచిలో పెట్టుకుని మంచిర్యాల బస్సెక్కాను. అసలు ఈ పేర్ల మనుషులు ఉన్నారో లేదో తేల్చాలి. ఏడో శోకం కింద 'ఏడో వరస, ఐలవ్వ, భర్త బక్కయ్య పోయిన రోజు' అని ఉంది. కాలనీలో దిగి, క్వార్టర్ల ఏడో వరసలో అడిగితే ఇల్లు చూపించారు. ఉందన్నమాట! నాకు కొంచెం నిరాశ కలిగింది, దాచుకోవడమెందుకు.

ఐలవ్వ గడపలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను ఎగాదిగా చూసింది.

"ఆఫీసు నుంచి వచ్చినవా? క్వార్టర్ ఖాళీ చెయ్యమంటరా ఏంది? మా కొడుకు అంజన్న పొద్దటి డ్యూటీల బాయిల దిగిండు. కోడలు స్వరూప నీళ్లకు పంపు కాడికి పోయింది. ఏమన్న ఉంటే వాళ్లకే చెప్పు."

గనిని వాళ్లు బాయి అంటారు. నేను బ్లెస్సీకి సార్‌నని చెప్పాను. నమ్మిందో లేదో తెలియదు. ఒక శోకం పాడమంటే నా మొహం చూసింది.

"ఎవలు సచ్చిండ్రని పాడాలె బిడ్డా?"

అప్పుడు ఊరుకుంటే అయిపోయేది. నేను ఊరుకునే రకమా? వ్యాసం తెరిచి, ఏడో శోకం పైకి చదివాను.

"సద్ది గట్టిస్తి గదయ్యా, గిన్నె ఎవలు దెస్తరు?
పొద్దు గూకె గదయ్యా, తలుపెవలు గొడుతరు?"

రెండు చరణాలకే ఆమె చేతులు ఆగిపోయాయి. మూడోది నేను చదవకముందే ఆమె అందుకుంది. కాగితంలో ఉన్నది ఉన్నట్టే. నాలుగో చరణానికి గొంతు లేచింది, ఆమె తన వశంలో లేదు. నేను ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాను. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ క్షణం నాకు సంతోషమైంది.

గనిలోకి మనుషులు దిగి ఉన్న వేళ, ఒక ఇంట్లోంచి శోకం లేస్తే కాలనీ ఏమనుకుంటుందో నాకు తట్టలేదు. ముందు పక్క తలుపులు తెరుచుకున్నాయి. తర్వాత వరసంతా కదిలింది. తడి చీరతో, కాళ్లకు చెప్పులు లేకుండా స్వరూప ఉరికొచ్చింది. నా చేతిలో కాగితాలు చూసి గడప ముందు కూలబడింది.

"మా పిల్లల బాపుకేమైంది?"

"ఏం కాలేదమ్మా, నేను కాలేజీ సార్‌ను, ఉత్తగనే..."

"అబద్ధం! ఆఫీసు నుంచే వచ్చిండ్రు. నిజం చెప్పుండ్రి సారూ, నీ కాల్మొక్త!"

దేవుని మీద ఒట్టేశాను. కాలేజీ కార్డు చూపించాను. నమ్మలేదు. ఐలవ్వ ఏడుపు దిగమింగి "నా కొడుక్కేం కాలే, నేను మీ మామను తలుసుకున్ననే" అన్నా నమ్మలేదు. ఎవరో గని దగ్గరికి ఫోన్ చేసి, లోపల అందరూ బాగున్నారని చెప్పారు. "అట్లనే అంటరు" అంది. నా ఇరవై రెండేళ్ల అనుమానమంతా స్వరూప కళ్లలోంచి నన్నే చూసింది. భయమేసింది.

ఆడవాళ్లతోపాటు బ్లెస్సీ కూడా ఉరికొచ్చింది. స్వరూపను ఒళ్లోకి తీసుకుని వీపు నిమురుతూ, నా చేతిలో ఇంకా రికార్డు చేస్తున్న ఫోన్ చూసింది.

"రికార్డు దొరికిందా సార్?" అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగింది. ఆ ఎండలో నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నన్ను ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనలేదు. పొద్దటి డ్యూటీ వాళ్లు ఇళ్లకు చేరే మూడున్నర దాకా నిలబడే ఉన్నాను. అంజన్న మసి మొహంతో మూల తిరిగి వచ్చి, "ఏందే, గింత మంది?" అన్నాడు. స్వరూప అతని చేతులు, మొహం తడిమి చూసి, అప్పుడు ఏడ్చింది.

రికార్డింగ్ తీసేశాను. గోడకు ఆనించి వ్యాసం తెరిచాను. మొదటి పేజీలో సార్‌గా నేనివ్వాల్సిన ధ్రువపత్రం ఉంది. 'పదకొండు శోకాల ఈ సేకరణ పూర్తిగా నా పర్యవేక్షణలో జరిగింది' అని అచ్చయి ఉంది. తొంభై పేజీల్లో నాకు దొరికిన అబద్ధం అదొక్కటే. దాని కిందే సంతకం పెట్టాను.