కాలిబాట మీద తెగిన బండి

నడక నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. దానికి మందు లేదు, నేను వెతకనూ లేదు. మా ఊరు భీమిలికి ఎగువన, సముద్రం ఒడ్డున. ఇంట్లోంచి బయటపడితే ముందు ఇసుక, ఇసుక దాటితే మొగలి పొదలు, ఆ తర్వాత ఉప్పుటేరు బురద, బురద దాటితే జీడిమామిడి కొండ. పెళ్ళికి ముందు నేను ఆ దారిన తిరగని రోజు లేదు. రోజుకో సాకు ఉండేది: పుల్లలనో, జీడిపళ్ళనో, మేక తప్పిపోయిందనో. మాకు మేక లేదు. ఆ సంగతి మా అమ్మకి నాకంటే బాగా తెలుసు, పాపం.

అలాంటిదాన్ని తెచ్చి బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం ఇంకా రాని రోజులు. మామగారు గూడ్సు బండి గార్డు. మా ఆయన ఇంజన్ల షెడ్డులో ఫైర్‌మన్, ఇంజన్లో బొగ్గు వేసే పని, ఎప్పటికైనా డ్రైవరు కావాలని ఆశ. అత్తగారిదీ మా పక్క ఊరే. ఆవిడ ఇంటికి స్టేషను మాస్టరు. ఆవిడ చెయ్యి ఊపకపోతే మా వంటింట్లో పిల్లి కూడా కదలదు.

నేను కాపురానికొచ్చిన మొదటి రోజే ఆవిడ రూలు పెట్టింది: "రైలోల కోడలు లైను దాటకూడదే." మా క్వార్టరుకి ఇటూ లైనే, అటూ లైనే. ఇంక నేను నడిచేదెక్కడ? కొళాయి దాకా వెళ్ళడం, బిందె నెత్తిన పెట్టుకు రావడం. అదీ ఒక నడకేనా?

ఓ మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే లైను దాటేశాను. లాల్‌ఖదాన్ వైపు కాలిబాట పట్టి, పొలం గట్ల మీదుగా మనసు తీరా తిరిగి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరాను. అబ్బ, ఏం రభస! గుమ్మంలో అత్తగారు, ఆవిడ వెనక వీధి వీధంతా.

"ఓలమ్మో, బతికే ఉన్నావేటే! షెడ్డుకి కబురెల్లింది, స్టేషన్‌కి కబురెల్లింది. ఎక్కడికెల్లేవే?"

"నడిసొచ్చేనత్తా. దొంగతనానికి ఎల్లలేదు కదా" అన్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. నా నోరు ఆగదు. "ఇది ఇల్లేటి, జైలేటి?" అని కూడా అనేశాను. ఆ మాటతో ఆవిడ నాతో మాట్లాడ్డం మానేసింది. నేనేమైనా తగ్గానా? మా వైపు డ్యూటీకి వెళ్ళే ఒకాయన చేత అన్నయ్యకి కబురు పంపాను, వచ్చి తీసుకుపొమ్మని. ఒకసారి వెళ్ళాక మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదని గట్టిగానే అనుకున్నాను. సోమవారం పొద్దున బండికి వస్తానని అన్నయ్య దగ్గర్నుంచి జవాబొచ్చింది.

మా ఆయన హడలిపోయాడు. బతిమాలడం చేతకాని మనిషి. అటు తిరిగి బూట్లు తుడుచుకుంటూ అన్నాడు: "నీకు కావల్సింది నడకే కదా? ఆదివారం అందరం ఎల్లి నడుద్దాం. అప్పటికీ ఉండనంటే నేనే దగ్గరుండి బండెక్కిస్తాను."

ఆయన ప్లాను ఇది: కట్నీ లైనులో, కొండల మధ్య ఓ చిన్న స్టేషనులో దిగడం. కొండ ఎక్కి దిగి, బురద నేలలు దాటి, అర్పా నది ఇసుక మీదుగా దిగువ స్టేషనుకి చేరి, సాయంత్రం పాసింజరుకి ఇంటికి రావడం. అత్తగారు ముందు రానంది. "ఎల్లిపోయే పిల్ల. ఓ పూట కలిసి తింటే ఏటి పోయింది?" అని మామగారన్నాక లేచి పులిహోర కలిపింది. నా వైపు చూడకుండానే కలిపింది.

చిన్న స్టేషనులో దిగాం. కొండకేసి నేను ఒక అడుగు వేశానో లేదో, వెనక విజిలు మోగింది.

"ఆగమ్మా! గార్డు చెప్పకుండా బండి కదులుతాదేటి?"

చూద్దును కదా, మామగారు చంకలోంచి పచ్చజెండా తీస్తున్నారు. సెలవు రోజున జెండాలూ విజిలూ తెచ్చుకున్నాడు మహానుభావుడు! అక్కడే మాకు వరస ఏర్పాటు చేశారు. ముందు ఇంజను, అంటే మా ఆయన. చిట్టచివర గార్డు, అంటే తాను. మధ్యలో నేనూ అత్తగారూ పెట్టెలం. నన్ను పట్టుకుని పెట్టె అంటారా! ఒళ్ళు మండింది గానీ, ఒక్క పూటకి ఎందుకులే అని ఊరుకున్నాను.

కొండదారి చల్లగా ఉంది. అంతా గుగ్గిలం చెట్ల నీడ, కాళ్ళ కింద ఎండాకులు. ఇంజను మాత్రం మొదటి మలుపులోనే రొప్పడం మొదలుపెట్టింది. మరేమిటి, ఫైర్‌మన్ కాళ్ళు ఎప్పుడూ నిలబడే ఉంటాయి, నడిచేది బండే కదా. "అచ్ఛా, ఎత్తు బాగానే ఉంది" అంటూ ప్రతి బండరాయి మీదా కూర్చునేవాడు. ఆయన కూర్చున్నప్పుడల్లా వెనక మామగారు ఎర్రజెండా చాపడం, లేచినప్పుడల్లా విజిలు, పచ్చజెండా. నా నడకతో నన్ను వదిలేస్తే ఆ కొండ రెండుసార్లు ఎక్కి దిగేదాన్ని.

కొండ దిగాక బురద నేలలు మొదలయ్యాయి. వాన నీళ్ళు నిలిచిపోయిన పల్లం, అంతటా తుంగ, కలువలు, కొంగలు. మధ్యలో సన్నని గట్టు. ఇంజను మనిషి కదా, మా ఆయన ముందుకే తప్ప వెనక్కి చూడడు. నేను ఆయన వెనకే గబగబా నడిచాను. గట్టు చివర దారి రెండుగా చీలింది. అక్కడ తిరిగి చూస్తే మా వెనక ఒక్క మనిషి లేడు.

"ఎల్లి సూద్దాం రండి" అన్నాను.

ఆయన రాయిలా నిలబడ్డాడు. "బండి తెగిపోయింది. వెనక ముక్క ఎక్కడుందో తెలియకుండా ముందు ముక్క వెనక్కెల్లకూడదు. రూలు."

"మరి అత్తా మావా?"

"నాన్న గార్డు కదా. తెగిన చోటే ఆగి, వెనకనుంచి ఇంకో బండొచ్చి గుద్దీకుండా కాపలా కాస్తాడు. అదీ రూలే."

అంటే తండ్రి అక్కడ కదలడు, కొడుకు ఇక్కడ కదలడు. ఇద్దరూ రూలు ప్రకారం ఆ బురదలో ముసలివాళ్ళయిపోతారన్నమాట. ఈ లోపల పాసింజరు వెళ్ళిపోతుంది, రేపు పొద్దున్న దిగిన అన్నయ్యకి ఇంటికి తాళం కనిపిస్తుంది.

"నాకే రూలూ లేదు. నేను పెట్టెని" అనేసి వెనక్కి నడిచాను.

ఎన్నాళ్ళకి ఒంటరిగా నడవడం! ముందు జెండా లేదు, వెనక విజిలు లేదు. గాలి కొడుతోంది, కొంగలు లేస్తున్నాయి. తప్పిపోయినవాళ్ళని వెతకడానికి వెళ్తున్నానన్న మాటే గానీ, నాకు మా గొప్ప సంతోషంగా ఉంది. పక్కన మట్టి దిబ్బ ఉంటే ఎక్కాను. ఒక వైపు మేం దిగిన కొండ, మరో వైపు నది ఇసుక, దాని అవతల దిగువ స్టేషను సిగ్నలు. చీలికలో ఎడమ దారి సరిగ్గా అక్కడికే పోతోంది. అది మనసులో పెట్టుకుని దిగాను.

గట్టు మలుపులో మామగారు కనిపించారు. నాకు వీపు పెట్టి, ఎర్రజెండా చాచి నిలబడ్డారు. ఎదురుగా గేదెల మంద వస్తోంది. గేదెలకి సిగ్నలు తెలుసా, పాడా? ఆయన్ని రెండు వైపులా ఒరుసుకుంటూ బురదలోకి దిగిపోయాయి. "డేంజరు చూపించినా ఆగనేదు!" అని ఆయన ముఖం ఎర్రబడింది. రిపోర్టు రాయడానికి వాటి నెంబర్లు లేవని బాధ కాబోలు.

అత్తగారేరీ?

అత్తగారు పల్లంలో ఉంది. చెప్పులు గట్టు మీద, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, రెండు చేతులా కలువలు. ఆవిడే బండి తెంపేసింది! నన్ను చూసి ఇన్నాళ్ళ మౌనం మరిచిపోయింది.

"దిగవే! అచ్చం మన ఉప్పుటేటి బురదే! సూడు, వాసన కూడా అదే!"

నేనూ దిగాను. మెత్తటి బురద వేళ్ళ సందుల్లోంచి పైకి వచ్చింది. ఆవిడ నవ్వుతూనే ఉంది, ఉన్నట్టుండి ముక్కు చీదింది.

"నేనీ ఊరొచ్చిన్నాడు మా అత్త కూడా అదే మాటన్నాదే, లైను దాటకూడదని. ఇన్నేళ్ళూ దాటనేదు. ఊరవతల ఏటుందో కూడా సూడనేదు. నువ్వా రోజు దాటీసి వొచ్చీసేవు కదా, నీ మీద కోపం కాదే. కుళ్ళు."

ఆవిడ చేతిలోంచి పువ్వులు తీసుకుని, చెయ్యి పట్టుకుని గట్టెక్కించాను. ఆ తర్వాత ముందు నేను నడిచాను. మామగారు విజిలు ఊదబోతే అత్తగారు "ఊరుకోండి మీరు!" అంది. చీలిక దగ్గర మా ఆయన నేను వదిలిన చోటే నిలబడి ఉన్నాడు. ఇసుకలో చివరి దూరం నలుగురం పరిగెత్తాం. పాసింజరు అందింది. బండిలో నేను ఉంటాననీ అనలేదు, వెళ్తాననీ అనలేదు. పెద్దగా ఒట్టేసుకున్నాక దిగిరావడం నాకు కష్టం.

పొద్దున్న అన్నయ్య వచ్చాడు. నేను సర్దుకున్న బట్టల పెట్టె గుమ్మంలోనే ఉంది. అత్తగారికి కాళ్ళు పట్టేసి మంచం దిగలేకపోతోంది. పడుకునే అన్నయ్యకి కాఫీ పెట్టమంది, కుశలం అడిగింది. నన్ను ఉండమని మాత్రం అనలేదు. నేను దణ్ణం పెట్టడానికి వంగితే కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకే, నొప్పి" అంది. తర్వాత గోడ వైపు తిరిగి అడిగింది: "వొచ్చే ఆదివారం నేనొక్కర్తినీ లైను దాటితే... ఎడం పక్కకెల్లాలా, కుడి పక్కకా?"

నేను బయటికి వచ్చి, ఇంత దూరం అనవసరంగా వచ్చావని అన్నయ్యనే కేకలేశాను. పాపం, వాడి వెర్రి మొహం ఇంకా నా కళ్ళ ముందుంది. వాడికి అన్నం పెట్టి సాయంత్రం బండికి పంపేసి, గిన్నెలో ఆముదం వెచ్చచేసుకుని, అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాను.