అక్కా అనలేకపోయిన రాజావారు

2022 నాటికి నేను ఆసుపత్రి ఉద్యోగం మానేసి హోమ్ కేర్‌లో, అంటే ఇళ్ళకు వెళ్ళి మంచాన పడ్డవాళ్ళను చూసుకునే నర్సు పనిలో ఉన్నాను. ఆ వానాకాలంలో జంషెడ్‌పూర్ భాలుబాసాలో ఒక పెద్దాయన కేసు వచ్చింది. పేషెంటు పేరు బయటపెట్టడం మాకు తప్పు కనుక రాజావారు అంటాను. వీధిలో హిందీవాళ్ళు కూడా రాజా సాహబ్ అనేవారు. అందులో సగం గౌరవం, సగం ఎకసెక్కం.

ఒడిశా సరిహద్దులో ఒక చిన్న జమీందారీ కోటలో పుట్టారాయన. కోటలో దాసీలుండేవారు. వాళ్ళ పిల్లలకు తండ్రి ఎవరో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఈయన అన్నారు. ముప్పయ్యేళ్ళ వయసులో నవల రాసి, దాసీ కూతురు చంద్రమ్మ తన తండ్రి బిడ్డేనని, తనకు అక్కేనని పేరుతో సహా అచ్చేశారు. కోట ఆయనకు తలుపులు మూసేసింది. సభల్లో దండలు పడ్డాయి, బయట తిట్లు పడ్డాయి. పెళ్ళి చేసుకోకుండా సరోజినిగారనే టీచరుతో కాపురం పెట్టి ఆ తిట్లకు ఇంకాస్త మేత వేశారు.

చంద్రమ్మకు దండలేమీ పడలేదు. అత్తవారు ఆ పుస్తకం చదివించుకుని ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఎరిగినవాళ్ళు లేని ఊరని భర్త ఆమెను జంషెడ్‌పూర్ తీసుకొచ్చి, పర్సుడీహ్‌లో ఇల్లు తీసుకుని, కాంట్రాక్టు పనిలో చేరాడు. చాలా ఏళ్ళ తర్వాత రాజావారు ఈ ఊరు వచ్చిందే ఆమె కోసమని సరోజినిగారు నాకు చెప్పారు. రెండుసార్లు వెళ్తే ఆమె తలుపు తియ్యలేదట.

ఇప్పుడు స్ట్రోక్ వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. దీన్ని అఫేసియా అంటాం. చెప్పాలనుకున్నది బుర్రలో ఉంటుంది, నోటికి రాదు. జీవితమంతా మాటలతోనే బతికిన మనిషి, పక్క మార్చమనడానికి మంచం కోడు తట్టేవారు. చంద్రమ్మ పేరెత్తితే కళ్ళ నీళ్ళు కారిపోయేవి. చూడలేక నేనే పర్సుడీహ్ వెళ్ళాను.

చంద్రమ్మ వంకాయలు తరుగుతూ నేను చెప్పింది విన్నారు.

"బాబుగోరు పుస్తకంలో నన్ను అక్కన్నారంట. లోకమంతా సదివిందంట. నా మొకం సూసి ఎప్పుడైనా అన్నారేటి?"

"ఇప్పుడు అనాలనే ఉందమ్మా ఆయనకి. ఎక్కువ టైం లేదు."

"అయితే ఓపాలి నోటితో అనమను సిస్టరమ్మా. అప్పుడు వత్తాను."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మాట పడిపోయిన మనిషికి ఇదేం షరతు అని నాకు ఒళ్ళు మండింది, దారంతా గొణుక్కున్నాను. రాజావారికి చెబితే మాత్రం ఎడమ చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

అప్పట్నుంచి రోజూ సాధన. అఫేసియాలో మామూలుగా రాని మాట ఒక్కోసారి రాగం తీస్తే వస్తుంది. "అక్కా" అని జోలపాటలా సాగదీసి, ఆయన అరచేతి మీద తాళం వేసేదాన్ని. మొదట ఉత్త గాలి వచ్చింది. తర్వాత "అ" వచ్చింది. ఒకరోజు మాట మొత్తం వచ్చింది. సరోజినిగారు వంటింట్లోకి వెళ్ళి ఏడ్చారు. నేను ఫోన్ చేశాను.

చంద్రమ్మ ఉతికిన నేతచీర కట్టుకుని ఆటోలో వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, మంచం పక్కన నిలబడ్డారు. రాజావారి పెదవులు వణికాయి. నేను అరచెయ్యి తట్టాను. ఆయన స్పష్టంగా అన్నారు:

"ఒసే చంద్రీ, మంచినీళ్ళు తే."

ఆటోమేటిక్ స్పీచ్ అని ఒకటుంది. ఆలోచించి అనే మాట పోయినా, చిన్నప్పట్నుంచి నోట్లో నలిగినవి, తిట్లు, అంకెలు, దేవుడి పేర్లు, మిగిలిపోతాయి. గుండె దడదడలాడితే అవే ముందు తోసుకొస్తాయి.

ఆ మాట కంటే తర్వాత జరిగింది నన్ను చంపేసింది. చంద్రమ్మ కొంగు నడుముకు దోపుకుని గబగబా వంటింట్లోకి నడిచారు. చెంబు చేతిలోకి తీసుకున్నాక ఆగిపోయారు.

"అది జబ్బమ్మా, ఆయన మాట కాదు" అన్నాను వెనకాలే వెళ్ళి.

"జబ్బే" అన్నారామె చెంబు దించుతూ. "బాబుగోరి నాలిక్కే కాదు, నా కాళ్ళకీ ఉంది. సూసినావు కదా."

ఆమె వెళ్ళిపోయారు. రాజావారు తన చెంప మీద తనే కొట్టుకుంటుంటే పట్టుకుని ఆపాను. సాయంత్రానికి "అక్కా" వచ్చింది. బతికినన్ని రోజులూ మళ్ళీ అదే మాట, నాతో, సరోజినిగారితో, ఎవరూ లేకపోతే గోడతో. ఫోన్లో వినిపిస్తానని చంద్రమ్మను బతిమాలాను. "వద్దమ్మా. మల్లా ఆ మాటే వత్తే నాను తట్టుకోలేను" అన్నారు.

ఇలాంటి రోగిని చూడ్డానికి వచ్చినవాళ్ళకు ఇప్పుడు గుమ్మంలోనే చెబుతాను. మొదట వచ్చేది పాత మాట, అసలు మాట వెనక వస్తుంది, కాస్త ఓపిక పట్టి కూర్చోండి అని. కొందరు కూర్చుంటారు. కొందరికి కూర్చునే ఓపిక ఎప్పుడో అయిపోయి ఉంటుంది, వాళ్ళను తప్పుపట్టడం మానేశాను.

రాజావారు కార్తీకంలో పోయారు. నేనే చంద్రమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె ఒకటే అడిగారు.

"బాబుగోరు ఆకర్న ఏటన్నారు?"

"అక్కా అన్నారమ్మా."

"అయితే నాకు మైలే" అన్నారు. "తమ్ముడు కదా."