నాయన నాడి పట్టుకున్న రోజు

మద్రాసులో నర్సు చదువు రెండో ఏడాదిలో ఉండగా, సెలవులకు కొమరోలు దగ్గరి మా ఊరికి వచ్చాను. మా వాళ్లంతా కూలికి పోయేవాళ్లే. చదువు కోసం అంత దూరం పోయిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. కొత్తగా తెలుసుకున్నది ఎవరికైనా చెప్పకపోతే నాకు ఊపిరాడని రోజులవి.

ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మ పొట్టేలు తలకాయ కొట్టించి తెచ్చింది. మెదడు చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. పళ్లెంలో తిరగేసి, అడుగున చిక్కుడు గింజంత చోటు చూపించాను.

“కోపం పుట్టేది ఇక్కడంటమ్మా! గుండె దడదడలాడేది, పిడికిలి బిగిసేది, అంతా దీని పనే. పైనుండే ఈ మడతల మెదడు దాన్ని పగ్గమేసి ఆపుతాది. మా పంతులమ్మ చెప్పింది.”

“మీ నాయనకు ఆ పగ్గం తెగి శానా ఏండ్లయింది లే,” అంది అమ్మ.

అంతలోనే పక్క చేని ఆయన కేకలేస్తూ వచ్చాడు. మా మేక ఆయన జొన్నచేలో పడి మేసిందట.

“మేకను కట్టేసుకోను చేతగాదా? నా చేనే దొరికిందా మీకు?”

నాయన చూరులోంచి కర్ర లాగాడు.

నాకు భయం వేయాల్సింది. వేయలేదు. నాయన మెడ నరాలు ఉబ్బాయి, కళ్లు పెద్దవయ్యాయి, ముక్కుపుటాలు అదురుతున్నాయి. అచ్చం పాఠంలో చెప్పినట్టే! ఒక్క ఉరుకున పోయి, కర్ర లేని చేతి మణికట్టు పట్టుకున్నాను.

“కదలొద్దు నాయనా! నాడి చూస్తన్నా.”

“ఏందే నువ్వు? వదులు!”

“ఒక్క నిమిషం. మాట్లాడితే లెక్క తప్పుతాది.”

నాయన అట్లాగే నిలబడిపోయాడు. వచ్చినాయన కూడా తిట్లు ఆపి నా గడియారంలోకి తొంగి చూశాడు.

“నూట ముప్పై!” అని అరిచాను.

“అంత కొట్టుకుంటాందా?” నాయన కర్ర దించాడు.

“నాది కూడా చూడు పాపా,” అని పక్క చేని ఆయన చేయి చాపాడు.

కోపం మాత్రం పోలేదు. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి నాయన, “తప్పు మాదే. రెండు దినాలు నీ చేలో కలుపు తీస్తా,” అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు మళ్లీ మణికట్టు పట్టుకుని చూశాను, నాడి ఇంకా దడదడలాడుతూనే ఉంది.

కోపం రావడమూ చేయి చేసుకోవడమూ ఒకటి కాదని పరీక్ష కోసం బట్టీ పట్టినదాన్ని. అది నిజమని ఆ రోజు నా వేళ్లకు తెలిసింది. మర్నాడు నాయనతోపాటు నేనూ కలుపుకు పోయాను.