పూర్తి మార్కులు వచ్చిన కారు

ఓర్వల్ టిడ్‌వెల్ మెచ్చుకున్న కారు ఊళ్ళో ఒక్కటీ లేదు. ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు నడిపి మానేసిన ముసలాయన, ఏటా జూన్‌లో పార్కులో జరిగే పాత కార్ల ప్రదర్శనకొచ్చి నలుగురి మొహాలూ మాడ్చి పోవడం తప్ప ఇంకో సరదా ఎరగడు. క్లబ్బువాళ్ళు ఆయన్నే జడ్జీగా పెట్టుకున్నారు. పెట్టకపోతే బయట నిలబడి ఇంతకు రెండింతలు వాగుతాడని భయం.

ఆయన మార్కులేసేది ఒక్క రకం కార్లకే. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తల్లో కాలిఫోర్నియా కుర్రాళ్ళు పాత ఫోర్డు బండ్ల మడ్‌గార్డులు ఊడబీకి, పెద్ద ఇంజను బిగించి రేసులకెళ్ళేవారు. హాట్ రాడ్ అనే ఆ బండి ఎలా ఉండేదో అచ్చం అలాగే, ఆనాటి సామానుతోనే కట్టాలి. తర్వాతికాలపు మేకు ఒక్కటి కనబడినా మార్కు తెగుతుంది. ఎదిగిన మగాళ్ళు, మనవలున్నవాళ్ళు, ఆ మేకు కోసం నెల రోజులు మాట్లాడుకోవడం మానేస్తారు.

ఈసారి మొదట దొరికినవాడు గ్లెన్ పికెట్. ఎర్ర కారులో మెత్తటి తోలు సీట్లు వేయించుకుని వచ్చాడు.

"ఏంట్రా ఇది గ్లెన్? కారా, శోభనం మంచమా?"

"నడుం నొప్పి ఓర్వల్, ఏం చెయ్యమంటావ్!"

"నడుం నొప్పైతే సోఫా కొనుక్కుని ఇంట్లో పడుండు. ఎండలోకి తెచ్చి మా కళ్ళు పాడుచేస్తావెందుకు?"

పక్కన పళ్ళ డాక్టరొకడు కొత్త రేకు పాతదిలా కనబడాలని ఉప్పునీళ్ళు కొట్టి, తుప్పు పట్టించి మరీ తెచ్చాడు. ముసలాయన మూతి ఒక పక్కకి తిప్పి, కళ్ళు చిన్నవి చేసి దాని మీద వేలు రుద్ది, ఆ వేలు డాక్టరు చొక్కాకే తుడిచాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మాంసం శాండ్‌విచ్‌లు నములుతూ విరగబడి నవ్వారు. వాళ్ళ సంగతి నాకు తెలుసు. తమ వంతు రానంతసేపూ అందరూ నవ్వేవాళ్ళే.

చివర్న మార్లీ కారు. మార్లీ ఆయన మనవరాలు. తల్లి ఎవడితోనో వేరే రాష్ట్రం వెళ్ళిపోతే ఈ పిల్ల తాత షెడ్డులోనే పెరిగింది, అక్కడే వెల్డింగు నేర్చుకుంది. ఇప్పుడు బేకర్స్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. ఆ నల్ల బండిని నాలుగేళ్ళుగా కడుతోంది, ఏటా తెచ్చి ఇక్కడ నిలబెడుతోంది. తాత నోటివెంట ఒక్క మంచి మాట వినాలని తప్ప, దానికి ఆ కారుతో ఇంకేం పనిలేదు.

ముసలాయన గడ్డిలో పడుకుని కిందికి చూశాడు. వైర్లకి ఆ రోజుల్లోలాగే గుడ్డ చుట్టి ఉంది, టైర్లు ఆనాటి సన్నటి టైర్లే. నల్లరంగులో అక్కడక్కడా దుమ్ము నలుసు చిక్కుకుంది. షెడ్డులో కొట్టిన రంగు అలాగే ఉంటుంది మరి. ఇంజను మీద మెరుపు లేదు, డాంబికం లేదు. తప్పు వెతకబోయిన మనిషి వెతకడం మర్చిపోయి, ఆ ఇనుముని అలా చూస్తూ ఉండిపోయాడు.

"బాగుంది," అన్నాడు లేచి. "దీంట్లో కొయ్యడానికేం లేదు. పూర్తి మార్కులు."

మార్లీ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఆ ముచ్చటతోనే ఆయన లోపలికెక్కి స్టీరింగు ముందు కూర్చున్నాడు. అలవాటుగా చెయ్యి భుజం పక్కకి పోయింది. అక్కడేం తగల్లేదు.

"సీటు బెల్టేదే?"

"తీసేశా."

"తీసేశావా! ఎందుకు?"

"పోయినేడు దానికేగా మార్కు కోశావు తాతా? ఆ రోజుల్లో బెల్టులెక్కడివి, ఇదేమన్నా విమానమా అన్నావు. మైకులో అన్నావు."

అన్నాడు. అని మర్చిపోయాడు కూడా. ఆయనకది ఆ రోజు పండిన జోకుల్లో ఒకటి. పిల్ల మాత్రం ఆ మాట పట్టుకుని, బాదంకాయల లారీలు రయ్యిమని పోయే హైవే మీద, బెల్టు లేకుండా, ఆ సన్నటి టైర్ల మీద వచ్చింది. ఈ పెద్దమనిషి తన పికప్పు ట్రక్కులో బెల్టు బిగించుకునే వచ్చాడు. పెట్టుకోకపోతే బండి కీచుమంటుందట!

"మరి ఇంటికెలా పోతావ్?"

"వచ్చినట్టే."

ముసలాయన దిగి తిన్నగా గ్లెన్ పికెట్ దగ్గరికెళ్ళాడు.

"నీ దగ్గర బెల్టేమన్నా అదనంగా ఉందా?"

"ఏంటీ? వినబళ్ళేదు దొరగారూ. మైకులో సెలవివ్వండి."

"బెల్టు కావాలి గ్లెన్. నా మనవరాలికి."

గ్లెన్ పగలబడి నవ్వాడు, పళ్ళ డాక్టరు ఇంకా గట్టిగా నవ్వాడు. ఓర్వల్ కదలకుండా నిలబడ్డాడు. నవ్వడం అయ్యాక గ్లెన్ డిక్కీలోంచి బెల్టు, బోల్టులు, డ్రిల్లు తీసి ఆయన చేతిలో పెట్టాడు.

అవి పట్టుకుని ముసలాయన కారు పక్కన మోకాళ్ళ మీద కూలబడేసరికి మార్లీ తలుపుకి అడ్డం నిలబడింది.

"ఆ బెల్టు ఏ సంవత్సరంది తాతా?"

"మాట విను మార్లీ. రెండు కన్నాలు, అంతే."

"నా కారుకి కన్నం పెడితే ఊరుకోను. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి బాగుందన్నావు. అదీ లాక్కుంటావా?"

మూతి ఒక పక్కకి తిప్పి, కళ్ళు చిన్నవి చేసి ఆయన వంక చూసింది. అది ఎవరి చూపో పార్కులో అందరికీ తెలుసు. ముసలాయన తలొంచుకుని డ్రిల్లు కింద పెట్టేశాడు.

కప్పు మార్లీకే ఇచ్చారు, ఫొటోలు తీశారు. మార్లీ బండి స్టార్టు చేస్తుంటే ఆయన పికప్పుని పార్కులోనే వదిలేసి, ఆమె పక్కన ఎక్కి కూర్చున్నాడు. వద్దని మార్లీ అనలేదు, రమ్మనీ అనలేదు.

హైవే ఎక్కిన కాసేపటికే ముందున్న లారీ వెనక బ్రేకు దీపాలు ఎర్రగా వెలిగాయి. ముసలాయన ఎడమచెయ్యి చాచి మనవరాలి ఛాతీకి అడ్డం పెట్టాడు.

"చెయ్యి తియ్యి తాతా. ఆ చెయ్యి నన్ను ఆపుతుందా?"

"ఆపదు," అన్నాడు. తియ్యలేదు.