ఆరువందల పాదాల స్టేడియం

జర్మనీ చెప్పుల షాపుల మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. నా సైజు నలభై. అది మగవాళ్ల వరుసలో అరుదు. పిల్లల వరుసలో మాత్రం పుష్కలంగా, మడమలో లైట్లతో సహా దొరుకుతుంది. ఇంగోల్‌స్టాట్‌లో కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసే మనిషి మెరిసే బూట్లతో మీటింగుకు వెళ్తే బ్రేకుల మీద నమ్మకం పోతుంది.

ఆ పాదాలతోనే పోయిన వసంతంలో డాన్యూబ్ ఒడ్డున ఒక గ్రీకు స్టేడియం కొలిచాను.

ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి చరిత్రలో రెఫెరాట్ పడింది. అంటే క్లాసు ముందు నిలబడి పది నిమిషాలు ఒక విషయం చెప్పాలి. తనకు వచ్చింది ఒలింపియాలోని పాత స్టేడియం. అంతకుముందు రాత పరీక్షలో నాలుగు వచ్చింది. ఇక్కడ ఒకటి గొప్ప, ఆరు ఘోరం. నాలుగంటే టీచరు జాలిపడ్డారని అర్థం. ఈ రెఫెరాట్ బాగా చెబితేనే ఏడాది చివరి మార్కు గట్టెక్కుతుంది. అమ్మాయి రెండు రోజులు సరిగా తినలేదు. నేను కంగారు పడలేదు. ఇంటర్ హాస్టల్లో కెమిస్ట్రీతో పరిచయమే లేకుండా తొంభై ఆరు శాతం తెచ్చుకున్నవాణ్ణి.

నాలుగు పేజీలు రాసిచ్చాను. అక్కడ ఆటలు నడివేసవిలో జరిగేవి. జనానికి కుర్చీలు లేవు, మట్టి గట్టే ఆసనం; రాతి పీటలు న్యాయనిర్ణేతలకు మాత్రమే. పరుగు మొదలయ్యే చోట కాలి వేళ్లు ఆనించడానికి రాతిలో రెండు గాడులు. ముందే కదిలినవాడికి కొరడా దెబ్బలు. తర్వాత నదులు పొంగి అంతా బురద కింద వందల ఏళ్లు పడి ఉంటే, జర్మన్లు వెళ్లి తవ్వారు. ఆ చివరి వాక్యం టీచరు కోసం పెట్టాను.

పొడవు ఆరువందల పాదాలు, ఒక పురాణ వీరుడి పాదాలతో. నూట తొంభై రెండు మీటర్లు. అది పిల్లకు కళ్లకు కట్టించాలని నది ఒడ్డున మడమకు వేలు ఆనిస్తూ ఆరువందలు నడిచాను. నా స్టేడియం దాదాపు నలభై మీటర్లు తక్కువ వచ్చింది. కుక్కతో వచ్చిన ఒక పెద్దాయన మర్యాదగా దారి ఇచ్చారు. వెనకే నడుస్తున్న అమ్మాయి, అంత ఎండలో కూర్చోవడానికి కుర్చీ కూడా లేకపోతే జనం ఎందుకొచ్చేవారని అడిగింది. అది పేజీల్లో లేదన్నాను.

ఆ వారమంతా బట్టీ. ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటి నుంచి. మా ఆవిడ వంటింట్లోంచి, "పిల్లకు పాఠం చెప్తున్నవా, రికార్డింగ్ చేస్తున్నవా?" అంది. ఫలితం వచ్చాక మాట్లాడదామన్నాను.

గురువారం ఫలితం వచ్చింది. రెండో పేజీ మధ్యలో టీచరు ఆపి, అంత ఎండలో జనం అసలెందుకొచ్చేవారని అడిగారట. అమ్మాయి మొదటి పేజీ మొదటి వాక్యం అందుకుంది. టీచరు మళ్లీ ఆపారు. తను మళ్లీ మొదటికే వెళ్లింది. మూడోసారి ఆ వాక్యాన్ని క్లాసంతా తనతోపాటు చెప్పింది.

మర్నాడు టీచరు నన్ను పిలిచారు. పిల్ల జ్ఞాపకశక్తి అద్భుతమనీ, మార్కు వేస్తే ఐదు పడుతుందనీ, అందుకే వేయలేదనీ, వచ్చే గురువారం ఆ పేజీలు లేకుండా తన సొంత మాటల్లో మరోసారి చెప్పమన్నాననీ చెప్పారు. న్యాయంగానే అనిపించింది. సొంత మాటలు ఆదివారానికల్లా రాసిచ్చేస్తానన్నాను.

శనివారం పొద్దున అమ్మాయి నాలుగు చిన్న అట్టముక్కలు తీసుకుని, ఒక్కోదాని మీద ఒక్కో మాట రాసుకుని, నది ఒడ్డుకు బయల్దేరింది. నేను కొత్త పేజీలు మడిచి జేబులో పెట్టుకుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. ఎప్పుడూ మాకు జర్మన్‌లోనే జవాబిచ్చే పిల్ల, గుమ్మంలో ఆగి తెలుగులో చెప్పింది.

"నువ్వు రాకు డాడీ. నువ్వు పక్కనుంటే నేను ఆలోచించను."